మినిమం డ్యూ కడుతూనే ఉన్నాం, బాకీ మాత్రం తగ్గట్లేదు. ఏం చేయాలి?

శ్రావణి_ఖమ్మం

అందరికీ నమస్కారం. నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మా ఆయన మందుల ఏజెన్సీలో పనిచేస్తారు. ఆయన పేరు మీద ఒక క్రెడిట్ కార్డు ఉంది, లిమిట్ లక్ష. పోయినేడు మా అత్తమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పుడు ఒకసారి, తర్వాత ఫ్రిజ్ కొన్నప్పుడు ఒకసారి దాని మీద పెద్ద మొత్తాలు గీకాం. ఆ తర్వాత కార్డు బయటకు తీయలేదు. నెలనెలా మినిమం డ్యూకి, అంటే కనీసం ఇంత కట్టాలని బిల్లులో చూపే మొత్తానికి, తగ్గకుండా 4,400 కడుతున్నాం. ఒక్క నెల తప్పలేదు, ఒక్క రోజు ఆలస్యం కాలేదు.

నిన్న రాత్రి పిల్లాడు పడుకున్నాక పాత బిల్లులన్నీ తీసి చూశాను. పది నెలల కింద 88 వేలు ఉన్న బాకీ ఇప్పుడు 80 వేలు ఉంది. ఈ పది నెలల్లో మేం కట్టింది 44 వేలు. మిగతా 36 వేలు ఎటు పోయినట్టు? బ్యాంకు వాళ్ళు ఏదైనా పొరపాటు చేశారా? ఫోన్ చేస్తే "మీ అకౌంటు సక్రమంగా ఉంది మేడమ్" అంటున్నారు. ఆయనను అడిగితే ఆయనకీ తెలియదు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

కొత్తపేట_సతీష్

ముందు ఆ కార్డు కత్తిరించి పారేయండి అక్కా. మిగతా మాటలు తర్వాత.

కృష్ణాతీరం

అమ్మా శ్రావణీ, నేను విజయవాడలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. బ్యాంకు లెక్కలో పొరపాటు ఉందనుకోను. ఒక్క విషయం చూసి చెప్పు. బిల్లు చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో నెలసరి వడ్డీ రేటు ఉంటుంది. ఎంత వేశారు?

శ్రావణి_ఖమ్మం

3.6 శాతం అని ఉంది సార్. ఎక్కువేం కాదు కదా? హోమ్ లోన్ కన్నా తక్కువే అనిపించింది.

కృష్ణాతీరం

ఇక్కడే మనవాళ్ళు చాలామంది దెబ్బ తింటున్నారమ్మా. హోమ్ లోన్ శాతం ఏడాదికి. కార్డు శాతం నెలకు. మన ఊళ్ళ భాషలో చెబుతాను, ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

ఊళ్ళో అప్పు అడిగేటప్పుడు ముందు ఏమంటాం? "నూటికి ఎంత?" అంటాం. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు ఒక రూపాయి. రెండు రూపాయలంటే ఆలోచిస్తాం. మూడు రూపాయలంటే మా నాన్నగారి కాలంలో ఆ గుమ్మం తొక్కేవాళ్ళు కాదు. నీ కార్డు వడ్డీ నూటికి నెలకు 3 రూపాయల 60 పైసలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా వేస్తారు. రెండూ కలిపితే నూటికి 4 రూపాయల 25 పైసలు. ఏసీ గదిలో కూర్చుని, మెరిసే కాగితం మీద ఇచ్చిన నాలుగుంపావు రూపాయల వడ్డీ అది.

ఇప్పుడు నీ 80 వేలకు లెక్క వేద్దాం. ఒక నెల వడ్డీ 2,880. దాని మీద జీఎస్టీ 518. మొత్తం 3,398. నువ్వు కట్టేది 4,400. అసలులో తగ్గేది 1,002 మాత్రమే. నీ 36 వేలు పోయింది ఇలాగే. ఇకపై కార్డు వాడకుండా నెలకు 4,400 ఆపకుండా కట్టుకుంటూ పోయినా తీరడానికి ఇంకా 36 నెలలు పడుతుంది. లక్షా యాభై ఆరు వేల పైచిలుకు కడతావు. బాకీ తగ్గే కొద్దీ బిల్లులో మినిమం డ్యూ కూడా తగ్గించి చూపిస్తారు. ఆ తగ్గిన మొత్తమే కడుతూ పోతే ఇంకా ఏళ్ళు సాగుతుంది.

ఇంట్లో బంగారం ఏమైనా ఉందా తల్లీ? అడిగానని ఏమీ అనుకోకు, కారణం ఉంది.

శ్రావణి_ఖమ్మం

సార్, మీ లెక్క చదివి పొద్దున్న స్కూల్లో పాఠం చెప్పలేకపోయాను. మా ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి ఇచ్చే ఆయన్ని అందరం తిట్టుకునేవాళ్ళం.

బంగారం ఉంది. అమ్మ పెట్టిన గొలుసు, నాలుగు గాజులు. ఇంకో మాట. వచ్చే నెల పిల్లాడి స్కూలు ఫీజు 9,500 ఈ కార్డు మీదే కడదామనుకున్నాం. కొత్తగా గీకినదానికి 45 రోజులు వడ్డీ ఉండదు కదా?

నిజాంపేట_రాజు

శ్రావణి గారూ, దయచేసి ఆ ఫీజు ఆ కార్డు మీద కట్టకండి. పాత బాకీ ఒక్క రూపాయి మిగిలి ఉన్నా వడ్డీ లేని గడువు పోతుంది. కొత్తగా గీకినదానికి గీకిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. 45 రోజులు, 50 రోజులు అని ప్రకటనల్లో చెప్పేది పోయిన నెల బిల్లు మొత్తం కట్టేసినవాళ్ళకే.

ఆ గడువు కూడా అందరికీ 50 రోజులు రాదు. నా కార్డుకు బిల్లు ప్రతి నెలా 5న తయారవుతుంది, కట్టాల్సిన తేదీ 25. జూన్ 6న ఏదైనా కొంటే అది జూలై 5 బిల్లులోకి వస్తుంది, జూలై 25 లోపు కడితే చాలు. అంటే 49 రోజులు. అదే వస్తువు జూలై 4న కొంటే చేతిలో ఉండేది 21 రోజులే. అందుకే పెద్ద ఖర్చులు 6వ తేదీ తర్వాత పెట్టుకుంటాను.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. మొదటి ఉద్యోగంలో ఉన్నప్పుడు 30 వేల బిల్లు వచ్చింది. అకౌంట్లో తక్కువుంటే 29 వేలు కట్టాను. వెయ్యే కదా మిగిలింది, దానికి ముప్ఫై నలభై రూపాయల వడ్డీ పడుతుంది అనుకున్నా. తర్వాతి బిల్లులో వడ్డీ, జీఎస్టీ కలిపి 1,900 దాకా వేశారు. గొడవ పెట్టుకుంటే కార్డు నిబంధనల్లో ఉన్న ఉదాహరణ చూపించారు. మిగిలిన వెయ్యి మీద కాదు, మొత్తం 30 వేల మీద, కొన్న రోజు నుంచి నేను కట్టిన రోజు వరకూ 45 రోజుల వడ్డీ లెక్క కట్టారు. ఆ రోజు నుంచి టోటల్ డ్యూ మొత్తం పోయేలా ఆటో డెబిట్ పెట్టాను. ఆటో డెబిట్ పెట్టేటప్పుడు ఫారంలో "మినిమం" అనే గడి, "టోటల్" అనే గడి రెండూ ఉంటాయి, చూసుకుని టిక్ పెట్టండి. మా టీమ్‌లో ఒకతను మినిమం గడికి టిక్ పెట్టి, అంతా పోతోందనే ధైర్యంతో ఏడాది గడిపాడు.

కృష్ణాతీరం

రాజు బాగా చెప్పాడు. ఇక బంగారం సంగతి. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో బంగారం మీద అప్పు సాధారణంగా ఏడాదికి 9, 10 శాతం దగ్గర దొరుకుతుంది. 10 అనుకున్నా నూటికి నెలకు 83 పైసలు. 80 వేలకు నెల వడ్డీ 667 రూపాయలు. నువ్వు ఇప్పుడు కట్టే 4,400 నే అక్కడ కడితే 20 నెలల్లో అప్పు తీరుతుంది, మొత్తం కట్టేది 87 వేల పైన కొంచెం. కార్డులో ఉంచితే లక్షా యాభై ఆరు వేలు. కట్టే చెయ్యి అదే, డబ్బు అదే, తేడా దాదాపు 70 వేలు.

ఏడాది చివర ఒకేసారి కట్టే పద్ధతిలో అప్పు ఇస్తే, మధ్యలో ఎంత వీలైతే అంత జమ చేయొచ్చా అని ముందే అడుగు. చాలా చోట్ల చేయొచ్చు. నెలనెలా కట్టే క్రమశిక్షణ మాత్రం వదలకు. గొలుసు తాకట్టులో ఉండగా కార్డు మళ్ళీ బయటకు తీస్తే రెండు అప్పులవుతాయి. అలా రెండు వైపులా ఇరుక్కున్న కుటుంబాలను మా కౌంటర్ దగ్గర చాలాసార్లు చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

బంగారం పెట్టడం ఇష్టం లేకపోతే, ఉన్న బాకీని కిస్తీలుగా మార్చమని కార్డు బ్యాంకునే అడగొచ్చు. వడ్డీ తగ్గుతుంది, కానీ బంగారం అప్పంత తక్కువకు రాదు. ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, వడ్డీ ఏడాదికి ఎంతో రెండూ మెయిల్‌లో రాయించుకో.

కొత్తపేట_సతీష్

చీటీ పాడుకుంటే? మా అమ్మ లక్ష చీటీ కడుతోంది, అవసరానికి అదే నయం అంటుంది.

కృష్ణాతీరం

చీటీ సగం దాటాక పాడితే నష్టం తక్కువ. మొదటి నెలల్లో పాడితే పాట పెరిగి చేతికొచ్చేది బాగా తగ్గుతుంది. ఆ తగ్గిందే వడ్డీ. రిజిస్టరైన చిట్టీ కంపెనీ అయితేనే ఆ మాట. శ్రావణి పరిస్థితిలో బంగారమే మేలు.

మౌనిక

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. 24 వేల ఫోను, 6 నెలల నో కాస్ట్ ఈఎంఐ అని చూపిస్తోంది. నెలకు 4 వేలు. ఇందులో వడ్డీ నిజంగానే లేదా?

నిజాంపేట_రాజు

వడ్డీ ఉంది, దాన్ని డిస్కౌంటు రూపంలో ముందే తీసేసి చూపిస్తారు. బ్యాంకు 16 శాతం వేస్తుందనుకోండి. మీ 24 వేలలో ఫోను ఖరీదు కింద పోయేది 22,918, వడ్డీ 1,082. ఆ వడ్డీ మీద జీఎస్టీ 195 మీ బిల్లులో విడిగా పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద పన్ను కలిపితే 235. అంటే దాదాపు 430 అదనం. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు రాసింది.

430 పెద్ద మొత్తం కాదు. ఫోను నిజంగా అవసరమైతే తీసుకోండి. కాకపోతే ఒకేసారి డబ్బు కట్టేవాళ్ళకు షాపులో ఎంత తగ్గిస్తారో ముందు అడగండి. అది వెయ్యి దాటితే కిస్తీలు దండగ.

భీమవరం_శివ

ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోయేవాడినండి. ఈ రోజు రాయాలనిపించింది. మా బావగారికి రొయ్యల చెరువులు. వైట్‌స్పాట్ రోగం వచ్చి రెండు పంటలు పోయాయి. మేత బాకీలు కార్డుల మీద కట్టారు. నాలుగు కార్డులు, మొత్తం 3 లక్షలు. బిల్లు కట్టే తేదీ వచ్చేసరికి చేతిలో డబ్బుల్లేవు. అప్పుడు ఎవరో ఒక షాపు చూపించారండి. కార్డు గీకితే సామాను ఇవ్వకుండా డబ్బులే చేతిలో పెడతారు, నూటికి రెండున్నర కమీషను. ఒక కార్డు గీకి ఇంకో కార్డు కట్టడం, మళ్ళీ ఇది గీకి అది కట్టడం. రొటేషన్ అంటారు కదండీ, అదే.

నెలకు 7,500 కమీషను. రెండేళ్ళలో లక్షా ఎనభై వేలు పోయాయి. అసలు 3 లక్షలు అలాగే ఉంది, ఒక్క రూపాయి తగ్గలేదు. ఎలా ఆగిందంటే, ఒక రోజు ఒక బ్యాంకు చెప్పాపెట్టకుండా లిమిట్ సగానికి కోసేసింది. ఒక్క కార్డు ఆగేసరికి గొలుసంతా తెగిపోయింది. ఆ నెల నాలుగింటికీ ఒకేసారి ఫోన్లు మొదలయ్యాయి. మా అక్క ఫోను మోగితే ఉలిక్కిపడేది. చివరికి ఊళ్ళో ఇంటి స్థలం అమ్మి తీర్చాం. మొదటి నెలలోనే మాతో చెప్పి ఉంటే నలుగురం కలిసి ఏదో సర్దేవాళ్ళం. ఆయన పరువు పోతుందని చెప్పలేదండి.

శ్రావణి గారూ, మీరు పది నెలలకే బయటకు చెప్పారు. అది చాలా మంచి పని చేశారు.

కృష్ణాతీరం

శివగారూ, మీరు రాసింది ఎంతమందికి పనికొస్తుందో మీకు తెలియదు. ఆ షాపులు చేసేది కార్డు నిబంధనలకు విరుద్ధం, పట్టుబడితే కార్డు ఆపేస్తారు. వసూలు ఫోన్ల గురించి కూడా ఒక మాట. ఉదయం 8 కన్నా ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు స్పష్టంగా చెప్పింది. బంధువులకు, పక్కింటివాళ్ళకు చెప్పి అవమానించడం కూడా కుదరదు. అలా చేస్తే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళొచ్చు, ఖర్చేమీ ఉండదు.

కొత్తపేట_సతీష్

ఇంత వడ్డీ వేస్తుంటే కోర్టు ఊరుకుంటుందా సార్?

కృష్ణాతీరం

ఏడాదికి 30 శాతం మించి వేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పిచ్చింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి ఇప్పుడు ఆ 30 శాతం అడ్డు లేదు. కోర్టు మీద ఆశ పెట్టుకోకుండా బాకీ మీద పని చేయడమే దారి.

డాలస్_లలిత

నేను 2014లో ఎంఎస్ కోసం అమెరికా వచ్చాను. ఇక్కడ క్రెడిట్ స్కోరు, అంటే అప్పులు సరిగ్గా కడతామా లేదా అని చూపే అంకె, లేకపోతే ఇల్లు అద్దెకు దొరకడం కూడా కష్టం. వచ్చిన కొత్తలో 300 డాలర్లు డిపాజిట్ పెట్టి అంతే లిమిట్ ఉన్న కార్డు తీసుకున్నాను. బియ్యం, పాలు, కూరగాయలు మాత్రమే దాని మీద కొని నెల నెలా మొత్తం కట్టేదాన్ని. ఏడాదికి మామూలు కార్డు ఇచ్చారు.

చెప్పాలనుకున్నది వేరే. ఇక్కడ 2009లో వచ్చిన చట్టం వల్ల ప్రతి బిల్లులో ఒక చిన్న పెట్టె ఉంటుంది. మినిమం మాత్రమే కడితే ఎన్నేళ్ళు పడుతుంది, మొత్తం ఎంత కడతారు, మూడేళ్ళలో తీర్చాలంటే నెలకు ఎంత కట్టాలి అని మీ బాకీకి సరిపోయే అంకెలతో రాసి ఉంటుంది. నా మొదటి బిల్లులో ఆ పెట్టె చూసే భయపడి జాగ్రత్తపడ్డాను. శ్రావణి గారి బిల్లులో అలాంటిది ఉండదా?

కృష్ణాతీరం

మన దగ్గర ఒక వాక్యం ఉంటుందమ్మా. మినిమం మాత్రమే కడితే తీరడానికి నెలలు, ఏళ్ళు పడుతుందని, వడ్డీ పెరుగుతుందని ప్రతి బిల్లులో వేయాలని నిబంధన. వేస్తారు కూడా. అయితే ఆ వాక్యంలో శ్రావణి బాకీ అంకె ఉండదు, ఆమె అర్థం చేసుకునే భాష కూడా ఉండదు. మీరు చెప్పిన పెట్టె ఇక్కడా రావాలని, అదీ తెలుగులో రావాలని నా కోరిక.

నల్గొండ_కిరాణా

నాది కిరాణా కొట్టు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకునే వీలు 2022లో వచ్చింది కదా, ఇప్పుడు 30 రూపాయల పాల ప్యాకెట్ కూడా స్కాన్ చేసి క్రెడిట్ మీదే కొంటున్నారు. నాకు డబ్బు వస్తుంది, నాకు ఇబ్బంది లేదు. కానీ ఒకటి గమనించాను.

నా దగ్గర ఖాతా పుస్తకం ఉంటుంది. అరువు తీసుకున్న ఇంటాయన ముందే పద్దు రాస్తాను, కిందకు కూడి మొత్తం చెప్తాను. "అన్నా, ఈ నెల నాలుగు వేలు అయింది" అంటే "ఇవాళ నూనె వద్దులే, ఒకటో తారీకు చూద్దాం" అంటాడు. ఫోన్లో ఆ కూడిక ఎవరూ చెప్పరు. అదే మనిషి స్కాన్ మీద రెండు ప్యాకెట్లు ఎక్కువే తీసుకుపోతాడు. మా చెల్లెలికి కార్డు వచ్చినప్పుడు ఒక చిన్న నోటు పుస్తకం ఇచ్చిన. ప్రతి ఖర్చూ రాసి కింద మొత్తం వేయమన్న. ఆమె ఇప్పటికీ రాస్తది. ఒక్క నెల కూడా బాకీ పెట్టలేదు.

నిజాంపేట_రాజు

ఈ పోస్టు కోసం అయినా ఈ చర్చ అందరూ చదవాలి అన్నా.

సతీష్ గారు కార్డు కత్తిరించమన్నారు. దానితో పూర్తిగా ఏకీభవించలేను. మా నాన్నకు రాత్రి రెండింటికి గుండెనొప్పి వచ్చినప్పుడు ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టింది కార్డుతోనే. తర్వాత ఇన్సూరెన్సు డబ్బు రాగానే గడువులోపు మొత్తం కట్టేశాను, వడ్డీ పైసా పడలేదు. చేతిలో లేని డబ్బు ఖర్చు పెట్టడానికి కాకుండా, ఉన్న డబ్బును కొన్ని రోజులు ఆలస్యంగా కట్టడానికి వాడితే కార్డు మంచిదే. ఏటీఎంలో కార్డుతో నగదు మాత్రం తీయకండి. ఫీజు వేరు, మొదటి రోజు నుంచే వడ్డీ వేరు.

కొత్తపేట_సతీష్

నిజమే రాజు గారూ. నాకు కోపం ఎందుకంటే, మా తమ్ముడికి లిమిట్ పెంచుతామని ఫోన్ వచ్చింది, ఓటీపీ చెప్పాడు, 42 వేలు పోయాయి. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలని మాకు తెలియదు. రెండు రోజులు ఆలోచిస్తూ కూర్చున్నాం. తానే ఓటీపీ చెప్పాడు కాబట్టి నష్టం తనదే అన్నారు. ఇది చదివేవాళ్ళు ఆ నంబరు ఫోన్లో సేవ్ చేసుకోండి. విదేశీ లావాదేవీలు వాడకపోతే యాప్‌లో ఆపేసి ఉంచండి.

శ్రావణి_ఖమ్మం

నెలన్నర తర్వాత రాస్తున్నాను. మీరందరూ రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. శివ గారి పోస్టు దగ్గర ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఇంకో విషయం చెప్పారు, ఆఫీసులో ఒకరు ఆ గీకే షాపు గురించి తనకూ చెప్పారట. వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తున్నారట.

గొలుసు బ్యాంకులో పెట్టాం. 79,000 బాకీ మొత్తం ఒకేసారి కట్టేశాం. ఫీజు చేతి డబ్బుతో రెండు విడతల్లో కట్టాం. అయినా ఈ నెల బిల్లులో మళ్ళీ 1,324 వచ్చింది. మొత్తం కట్టాక ఇదేమిటి సార్?

కృష్ణాతీరం

బిల్లు తయారైన ఎన్నో రోజున కట్టారమ్మా?

శ్రావణి_ఖమ్మం

పన్నెండో రోజు.

కృష్ణాతీరం

అయితే సరిపోయింది. బిల్లు తయారైన రోజు నుంచి మీరు కట్టిన రోజు వరకూ 12 రోజుల వడ్డీ 1,122, జీఎస్టీ 202. పాత బాకీ ఉన్న కార్డులో ఇది తప్పదు. ఇది కూడా మొత్తం కట్టేయండి, తర్వాతి బిల్లు సున్నా వస్తుంది. ఇది కట్టకుండా వదిలేస్తే మళ్ళీ ఆలస్య రుసుము మొదలవుతుంది. చాలామంది "అంతా కట్టేశాంగా" అని ఈ చివరి బిల్లు తెరిచి చూడరు.

కార్డు మూసేయాలనుకుంటే సున్నా బిల్లు వచ్చాక రాతపూర్వకంగా అడగండి. బాకీ లేకపోతే 7 పనిదినాల్లో మూసేయాలి. ఆ తర్వాత ఆలస్యం చేస్తే రోజుకు 500 చొప్పున మీకే ఇవ్వాలి. ఉంచుకోవాలనుకుంటే లిమిట్ 25 వేలకు తగ్గించమనండి.

శ్రావణి_ఖమ్మం

లిమిట్ తగ్గించి ఉంచుకుంటాం సార్. అత్తమ్మకు రెండో కంటికి కూడా ఆపరేషన్ ఉంటుందన్నారు. ఈసారి దానికి నెలకు వెయ్యి చొప్పున విడిగా పోస్టాఫీసులో వేస్తున్నాం. నల్గొండ అన్న చెప్పినట్టు ఒక నోటు పుస్తకం కొన్నాను. మొదటి పేజీలో గొలుసు అప్పు రాశాను, ఈ నెల 4,400 కట్టిన పద్దు దాని కింద ఉంది. ఆ కూడిక వేసింది మా ఆయన.